స్కానింగ్ గదిలోని వారికి మా కుటుంబం కృతజ్ఞతలు

మా రెండో అమ్మాయికి క్రోన్స్ వ్యాధి (పేగుల్లో దీర్ఘకాలం వాపు, పుండ్లు ఉండే జబ్బు) అని తేలి, చికిత్స మొదలై, మొన్నటి పరీక్షలో పేగు వాపు బాగా తగ్గినట్లు కనిపించింది. వైద్యం చేస్తున్న గ్యాస్ట్రో డాక్టరుగారికి ఎదురుగానే నమస్కారం చెప్పుకున్నాం. రిపోర్టు అడుగున సంతకంగా మాత్రమే కనిపించేవారికి, ఆ సంతకమైనా లేనివారికి చెప్పుకొనే వీలు కలగలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

చిన్నపేగు చివర పుండ్లు కనిపిస్తే మన దేశంలో క్షయను కూడా అనుమానించక తప్పదు. క్రోన్స్ కూడా ఎక్కువగా అక్కడే వస్తుంది. కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. పైగా క్రోన్స్‌కు వాడే కొన్ని మందులు రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి కాబట్టి, లోపల క్షయ ఉంటే అది విజృంభిస్తుంది. మా అమ్మాయి బయాప్సీ (పేగు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఎటూ తేల్చలేదు. అప్పుడు రేడియాలజిస్టు మేడంగారు పాత సీటీ స్కానును, కొత్తగా తీసిన ఎమ్మార్ ఎంటరోగ్రఫీని (చిన్నపేగుకు తీసే ఎమ్మారై స్కాను) పక్కపక్కన పెట్టి, కొలనోస్కోపీ గొట్టం చేరలేని భాగంలో కూడా మధ్యమధ్య మామూలు పేగును వదిలి వాపు ఉందనీ, మూడు మిల్లీమీటర్లు దాటకూడని పేగు గోడ ఎనిమిది దాకా మందమెక్కిందనీ, దాని పక్కన రక్తనాళాలు దువ్వెన పళ్లలా బారులు తీరాయనీ, క్షయలో తరచు కనిపించే, నడిమి భాగం కుళ్లిన లింఫు గ్రంథులు లేవనీ మాకు తెరమీద చూపించి చెప్పారు. ఇవన్నీ క్రోన్స్ వైపే మొగ్గుతున్నా స్కాను ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదని కూడా ఆవిడే అన్నారు. ఆ మాటతోనే మాకు ఆవిడ మీద గురి కుదిరింది. ఒకచోట పేగు సన్నబడింది కనుక క్యాప్సూల్ కెమెరా మింగిస్తే ఇరుక్కుపోవచ్చని డాక్టరుగారికి వెంటనే ఫోన్ చేసి చెప్పిందీ ఆవిడే.

ఎమ్మార్ గదిలోని టెక్నీషియన్ బాబుకు ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం. పేగులు విచ్చుకోవడానికి ఖాళీ కడుపుతో లీటరుకు పైగా ద్రవం తాగాలి. సగానికే వాంతి వస్తోందన్న పిల్లను విసుక్కోకుండా, "ఆగి ఆగి తాగమ్మా, తొందరేం లేదు" అంటూ గ్లాసు గ్లాసుకూ ధైర్యం చెప్పాడు. ఆ ద్రవంతో విరేచనాలవుతాయని ముందే హెచ్చరించి, బాత్రూంకు దగ్గరలో కూర్చోబెట్టిన సిస్టరుగారి ముందుచూపును ఆడపిల్ల తల్లిగా నేను మరవలేను.

పాతికేళ్లు నిండని పిల్లకు ముందుముందు ఎన్నో స్కానింగులు తప్పవు కనుక, అత్యవసరమైతే తప్ప రేడియేషన్ ఉండే సీటీ వద్దని, పొట్టమీద అల్ట్రాసౌండు, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును తెలిపే ప్రొటీను) పరీక్షలతో గమనిద్దామని డాక్టరుగారు నిర్ణయించారు. మొన్న అల్ట్రాసౌండులో గోడ మందం నాలుగు మిల్లీమీటర్లకు దిగింది.

ఇంజెక్షన్ల ఖర్చులో పాలుపంచుకున్న బంధుమిత్రులకు, పాత సీటీ సీడీని వెతికించి బస్సులో పంపిన మా తమ్ముడికి, కౌంటరు మూసే వేళ దాటినా దానికి మరో కాపీ రాసిచ్చిన ఉద్యోగినికి కూడా కృతజ్ఞతలు. వచ్చే పరీక్షకు వెళ్లినప్పుడు అమ్మాయి తానే అందరినీ కలుస్తానంటోంది.