దసరా సెలవుల్లో పిల్లల ముందు ఒక పావుగంట కూర్చోండి

తల్లిదండ్రులకు నమస్కారం.

జూన్‌లో బడి తెరిచాక ఏడో తరగతి పిల్లలకు తెల్లకాగితాలిచ్చి, నచ్చిన బొమ్మ గీయమన్నాం. సగానికి పైగా కాగితాల మీద ఒకటే బొమ్మ: రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, కింద ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. సిద్దిపేటలో పుట్టి పెరిగిన పిల్లలు రోజూ చూసే తాటిచెట్టును వదిలేసి, పుస్తకంలోని కొబ్బరిచెట్టును గీశారు. మనుషులున్న బొమ్మలు నాలుగైదే వచ్చాయి. ఆ మనుషులు కూడా చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డారు. చేతులు గీయడం కష్టం కదా!

జులై నుంచి ప్రతి శనివారం చివరి రెండు పీరియడ్లు చిత్రలేఖనం మాస్టారు వాళ్లను గేటు బయటికి తీసుకెళ్తున్నారు. చేతిలో పరీక్ష అట్ట, దానికి పాత ప్రశ్నపత్రాలు తిరగేసి పెట్టిన కాగితాలు, ఒక పెన్సిలు. రబ్బరు ఇవ్వం. గీత తప్పితే పక్కన ఇంకో గీత గీయాలి. ఎవరి బొమ్మ గీయాలన్నా ముందు వాళ్లను అడగాలి, వద్దంటే నమస్కారం పెట్టి పక్కకు రావాలి. ముఖంతో మొదలుపెట్టకూడదు. నడుము ఎటు వాలింది, బరువు ఏ కాలి మీద ఉంది అన్నది ముందు చూడాలి.

పనిచేసే మనిషి కదలకుండా ఉండడు కాబట్టి గీయలేమని పిల్లలు భయపడ్డారు. మూడో వారానికి వాళ్లకే ఒక సంగతి తెలిసింది. దర్జీ చెయ్యి ఎన్నిసార్లు కదిలినా మళ్లీ సూది దగ్గరికే వస్తుంది. ఇస్త్రీపెట్టె పట్టిన భుజం ప్రతిసారీ అదే వాలుకు వస్తుంది. ఓపికగా చూస్తే ఆ భంగిమ తిరిగి వస్తుంది, అప్పుడు ఇంకో గీత వేసుకోవచ్చు. అసలు కష్టం తీరిగ్గా కూర్చున్నవాళ్లతోనే. కోమటిచెరువు కట్ట మీద సాయంత్రం కబుర్లు చెప్పుకునే పెద్దలు ఎప్పుడు కాలు మార్చి వేసుకుంటారో, ఎప్పుడు లేచి వెళ్తారో ఎవరూ చెప్పలేరు. అక్కడ పిల్లలకు సగం సగం బొమ్మలే మిగిలాయి. ఆ సగం బొమ్మలు నాకు చాలా ఇష్టం.

ఆగస్టులో ‘ఇంట్లో పని’ అని అంశం ఇచ్చాం. ఒక అమ్మాయి వాళ్లమ్మను పట్టుచీరలో, పూలు పెట్టుకొని నిలబడినట్టు గీసింది. ఆ తల్లి బీడీలు చుడతారు. మాస్టారు ఏమీ అనలేదు. రెండు వారాల తర్వాత ఆ అమ్మాయే ఇంకో కాగితం తెచ్చింది. అందులో ముఖం లేదు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు, చుట్టిన బీడీ మొనను మడుస్తున్న బొటనవేలి గోరు. వేళ్ల చివరలు మాత్రం పెన్సిలుతో రుద్ది నల్లగా చేసింది. ఎందుకని అడిగితే, “అక్కడ అమ్మ వేళ్లు ఇలాగే ఉంటాయి మేడమ్” అంది.

తర్వాత ఆ తల్లి బడికి వచ్చారు. “పట్టుచీర బొమ్మ గోడకు పెట్టండి మేడమ్, ఇదెందుకు?” అన్నారు. బొమ్మ ఆమె చేతికిచ్చాను. చాలాసేపు చూశారు. “చాట అంచు విరిగింది కూడా వేసింది” అన్నారు. ఇంకేమీ అనకుండా తిరిగి నాకు ఇచ్చారు.

పనిచేసే మనిషిని బొమ్మలో పెట్టడం మన ఊరికి కొత్త కాదు. మన గొల్లభామ చీర మీద నేతన్న నేసేది రాణిని కాదు, తలమీద కుండ పెట్టుకొని నడిచే గొల్లభామను. మన జిల్లాలోని చేర్యాల నకాశీ కళాకారులు ఎర్రటి నేపథ్యం మీద గజాల కొద్దీ బట్టపై కథలు గీశారు. నేతపనివారికి మార్కండేయ పురాణం, కల్లుగీతవారికి గౌడ పురాణం, ఇలా వృత్తివృత్తికీ ఒక పటం ఉండేది. మన సిద్దిపేట చిత్రకారులు కాపు రాజయ్య గారు (1925–2012) బోనమెత్తిన స్త్రీలను, బతుకమ్మ ఆడేవాళ్లను, పల్లె మనుషులను జీవితాంతం గీశారు.

రంగుల గురించి ఒక మాట. క్రేయాన్ల పెట్టెలో ‘స్కిన్ కలర్’ అని పిలిచే లేత గులాబీ రంగు మన ఇళ్లలో ఎవరి ఒంటి రంగూ కాదు. 1942లో పుట్టిన తోట వైకుంఠం గారి చిత్రాలు పిల్లలకు చూపించాం. చామనఛాయ స్త్రీలు, నుదుట పెద్ద ఎర్రబొట్టు, ఎరుపు పసుపు చీరలు. ఆ రోజు నుంచి గోధుమరంగు, పసుపు, కొంచెం ఎరుపు కలిపి, చేతి పక్కన పెట్టి సరిచూసుకుంటున్నారు. దయచేసి ఇంట్లో ఆ గులాబీ రంగే వేయమని చెప్పకండి.

సెలవుల్లో పిల్లలు రెండు బొమ్మలు గీసి తేవాలి. ఒకటి, ఇంట్లో ఎవరైనా పనిలో ఉన్నప్పుడు. రెండోది, తీరిక వేళ: గునుగు పూలకు రంగులద్దుతున్న చేతులు కావచ్చు, అరుగు మీద కునుకు తీస్తున్న తాత కావచ్చు. బట్టలు మార్చుకోకండి, జుట్టు సరిచేసుకోకండి, వాళ్ల వైపు చూసి నవ్వకండి. మీ పని మీరు చేసుకుంటూ ఒక పావుగంట ఆ చోటే ఉండండి. “ఇది నేనా?” అని మాత్రం అనకండి. ఆ మాటకు కాగితం చింపేసిన పిల్లలున్నారు. గీతలు దిద్దడం, అచ్చు బొమ్మల పుస్తకం కొనివ్వడం కూడా వద్దు.

బడి తెరిచిన మొదటి శనివారం మధ్యాహ్నం ఈ బొమ్మలన్నీ కింది వరండాలో దండెం కట్టి తగిలిస్తాం. పని బట్టల్లోనే వచ్చి చూసి వెళ్లండి. కాగితాలు మడత పెట్టకుండా చుట్టగా చుట్టి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు