ఛాతీలో ‘అసౌకర్యం’ అంటే మా నాన్నకు ఏం అర్థమవుతుంది?

సంపాదకులకు నమస్కారం.

సెప్టెంబరు 29 ప్రపంచ గుండె దినోత్సవం అని మీ ఆరోగ్యం పేజీలో గుండెపోటు లక్షణాల మీద ఒక బాక్సు వేశారు. వేసినందుకు సంతోషం. కానీ అందులో మొదటి లైనే ‘ఛాతీలో నొప్పి లేదా అసౌకర్యం’, ఆ కింద చేతి నొప్పి, దవడ నొప్పి, వెన్ను నొప్పి. వీటి వెనక ఉన్న ఇంగ్లీషు మాటలేమిటో నాకు చూడకుండానే తెలుసు. పదిహేనేళ్లుగా ఆస్పత్రుల కాగితాలు, మందుల కరపత్రాలు తెలుగు చేయడమే నా పని. నేనూ అచ్చం ఇలాగే రాశాను, ఒకసారి కాదు, చాలాసార్లు.

రెండేళ్ల కిందట ఒక తెల్లవారుజామున మా నాన్న మంచం మీద లేచి కూర్చున్నారు. ఒళ్లంతా చెమటలు. ఏమైంది నాన్నా అంటే ‘గుండెల మీద ఎవరో సన్నికల్లు పెట్టినట్టుందమ్మా’ అన్నారు. దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి పరిగెత్తాం. అక్కడి అమ్మాయి చేతిలో కాగితం చూసుకుంటూ ‘పెద్దాయనా, ఛాతీలో నొప్పి ఉందా?’ అని అడిగింది. ‘నొప్పి లేదమ్మా, బరువుగా ఉంది’ అన్నారు ఆయన. ఆ అమ్మాయి ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టింది. గ్యాస్ అయ్యుంటుందని ఇంజెక్షన్ చేసి కూర్చోబెట్టారు, ఈసీజీ తీసేసరికి రెండు గంటలు దాటింది. ఆ రెండు గంటల టెన్షన్ ఇప్పటికీ నన్ను వదల్లేదు. స్టెంటు వేశాక నాన్న కోలుకున్నారు, ఇప్పుడు రోజూ పొద్దున్నే కాలవగట్టు దాకా నడిచొస్తున్నారు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, అడగమన్న ప్రశ్న అడిగింది, విన్న జవాబు రాసుకుంది. నాన్న చెప్పిందీ అబద్ధం కాదు. ఆయన మాటల్లో అది నొప్పి కాదు మరి.

అప్పటి నుంచి ఈ ‘పెయిన్’ అన్న మాట నన్ను పట్టుకుంది. ఇంగ్లీషువాళ్లకు కూడా ఒక్క పెయిన్‌తో పని జరగదు. ఆగకుండా సన్నగా పీకుతూ ఉండేది ఏక్, ఒక్క క్షణం చురుక్కుమని పోయేది ట్వింజ్, పిక్క పట్టేస్తే క్రాంప్, గడ్డ సలిపితే త్రాబ్, ఒళ్లంతా పచ్చిపుండులా ఉంటే సోర్‌నెస్. తలకీ పంటికీ కడుపుకీ నడుముకీ ఏక్ తగిలిస్తారు గానీ ఛాతీకి, మోకాలికి తగిలించరు, అక్కడ పెయినే అంటారు. హార్టేక్ అంటే మాత్రం జబ్బు కాదు, దిగులు. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రొనాల్డ్ మెల్జాక్ రోగులు వాడే ఇలాంటి మాటలన్నీ పోగుచేసి 78 మాటలు, 20 గుంపులుగా ఒక ప్రశ్నపత్రం తయారుచేసి 1975లో ప్రచురించారు. బాధ ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు, ఎలా ఉందో కూడా తెలియాలి, రోగి వాడే మాటే డాక్టరుకు దారి చూపిస్తుందన్నది దాని వెనకున్న ఆలోచన. అందులో ఒక గుంపు చూసి నేను ఆగిపోయాను. డల్, సోర్, హర్టింగ్, ఏకింగ్, వాటి పక్కనే హెవీ. మా నాన్న చెప్పిన ‘బరువు’ అక్కడుంది.

అసలు 1768లో లండన్ డాక్టరు విలియం హెబర్డెన్ గుండెకు రక్తం చాలక ఛాతీ పట్టేసే జబ్బు గురించి చెప్పినప్పుడు పెట్టిన పేరు యాంజైనా. ఆ లాటిన్ మాటకు గొంతు నులిమినట్టుండడం అని అర్థం. అంటే రెండున్నర శతాబ్దాల కిందటే ఒట్టి నొప్పి అని సరిపెట్టలేదు, ఆ నులిమినట్టుండడాన్నే జబ్బుకు పేరుగా పెట్టారు. ఇప్పటి ఇంగ్లీషు కరపత్రాల్లో ఉండే ‘డిస్‌కంఫర్ట్’ ఈ బరువునీ, బిగింపునీ, పిండినట్టుండడాన్నీ అన్నిటినీ కలిపి చెప్పడానికి పెట్టుకున్న మాట. దాన్ని మేం డిక్షనరీ చూసి అసౌకర్యం చేశాం. అసౌకర్యం మనవాళ్లు ఎక్కడ వింటారు? రైల్వే స్టేషన్లో, బండి లేటయినప్పుడు ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని మైకులో. గుండె పట్టేసిన మనిషి ఎవరూ ‘నాకు అసౌకర్యంగా ఉంది’ అని ఇంట్లోవాళ్లను లేపరు.

పోనీ మనకు మాటలు లేవా అంటే కావలసినన్ని ఉన్నాయి. పన్ను సలుపుతుంది, కాళ్లు పీకుతాయి, నడుం కలుక్కుమంటుంది, నరం జివ్వున లాగుతుంది, కడుపులో మెలిపెడుతుంది. తెలంగాణలో చెయ్యి గుంజుతుంది. తలనొప్పి వేరు, తలపోటు వేరు, ఆ తేడా చదువు రాని ముసలమ్మకు కూడా తెలుసు. నొప్పిని బహువచనం చేసి ‘నొప్పులొస్తున్నాయి’ అంటే చాలు, కానుపని ఇల్లంతా లేచి ఆటో కోసం పరిగెత్తుతుంది, ఇంకెవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఇంత తేడాగా మాట్లాడే జనం కోసం రాసేటప్పుడు అన్నిటికీ ఒకే నొప్పి అంటించడం ఎందుకు? మేం అనువాదకులం, మీరు పత్రికవాళ్లు, అందరం కలిసి చేస్తున్న తప్పు ఇది.

ఇంకొకటి. షుగర్ ఉన్నవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో, ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి నొప్పిగా రానే రాదు. ఆయాసం, వికారం, దవడ లాగడం, విపరీతమైన నీరసం, ఇలా వస్తుంది. వాళ్లు మీ బాక్సు చదివి ‘నాకు నొప్పి లేదుగా’ అని ఒక ఈనో తాగి పడుకుంటారు. నాకు భయమంతా అక్కడే.

నేను అడిగేది చిన్న పని. ఆరోగ్యం పేజీలో ఇలాంటి బాక్సు వేసేముందు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరికి చదివి వినిపించండి. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండడం, పట్టేసినట్టుండడం, పిండేసినట్టుండడం, ఎడమ చెయ్యి లాగడం, ఆగని మంట అని విడివిడిగా రాయండి. జిల్లాకో ఎడిషన్ ఎలాగూ వేస్తున్నారు, లాగడం అనే చోట లాగడం, గుంజడం అనే చోట గుంజడం పెట్టండి. నాలుగు లైన్లు పెరుగుతాయి, నిజమే, ఆ పేజీలో ఒక ఫొటో కాస్త చిన్నది చేస్తే సరిపోతుంది.

మీ బాక్సును నాకు చేతనైనట్టు తిరగరాసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను, డాక్టరుతో ఒకసారి సరిచూపించి వాడుకోండి, నా పేరు వేయక్కర్లేదు. నిన్న రాత్రి అది మా నాన్నకు చదివి వినిపించాను. మొదటి లైను కాగానే చెయ్యెత్తి ఆపి ‘అదేనమ్మా, ఆ రోజు అచ్చం అట్టాగే ఉంది’ అన్నారు.

ఇట్లు,
ఒక అనువాదకురాలు, తెనాలి