కంటికి కనిపించే పేరు కంప్యూటర్‌కి కనపడదా?

సంపాదకులకు నమస్కారం.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంటి కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. ఒక ఆఫీసువాళ్ళు మూడు వందల పైచిలుకు పేజీల జాబితాను ఇంటర్నెట్‌లో పెట్టారు. “సార్, నా పేరుందో లేదో జర సూడుండ్రి” అని ఫోన్ నా చేతికిచ్చాడు. పేరు కొట్టి వెతికితే లేదని వచ్చింది.

నేను రిటైరైన లెక్కల టీచర్ని. మనవరాలి దగ్గర పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కాస్త నేర్చుకున్నాను. జాబితాలోని అక్షరాలన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లోకి లాగి, ఒక్కో లైను చదువుతూ పేరున్న లైను నంబరు చూపించే చిన్న స్క్రిప్టు రాశాను. ఫైలు తెరిచేటప్పుడు అందులో అక్షరాలు ఏ పద్ధతిలో దాచి ఉన్నాయో (యూటీఎఫ్-8 అని) చెప్పడం మర్చిపోయి మొదట ఎర్రర్ తెచ్చుకున్నాను. అది సరిచేశాక నడిచింది గానీ, ఒక్క లైనూ చూపించలేదు. టెన్షన్ పట్టలేక రాత్రి కూర్చుని పేజీలు తిప్పాను. 214వ పేజీలో ఉన్నాడు, తండ్రి పేరుతో సహా!

పేరు రాయొద్దన్నాడు గానీ, జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పెట్టిన పేరు, ‘సై’తో మొదలవుతుంది. చిక్కంతా ఆ అక్షరంలోనే. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ గుర్తుకీ ఒక నంబరిచ్చే పద్ధతి యూనికోడ్. అందులో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు. ఎత్వం పెట్టి, కింది తోకను విడిగా తగిలించీ రాయొచ్చు. చూడ్డానికి రెండూ ఒకటే. నేను కొట్టింది మొదటి రకం, ఫైల్లో ఉన్నది రెండోది. కంప్యూటర్ లెక్కలో అవి వేర్వేరు మాటలు. పైథాన్‌లో ‘నార్మలైజ్’ అనే ఫంక్షన్ ఉంది. ఫైల్లోని లైన్లనూ నేను వెతికే పేరునూ దాని గుండా పంపి ఒకే రూపానికి తెచ్చాక, పేరు చిటికెలో దొరికింది.

అదే ఆఫీసు పెట్టిన పాత జాబితా ఇంకా ఘోరం. యూనికోడ్ కాని ఫాంటు కావడంతో, కాపీ చేస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం వస్తోంది. ఇంకొకటైతే కాగితాలకు తీసిన ఫొటోలే. అందులో స్క్రిప్టుకు చదవడానికి అక్షరమే లేదు.

అధికారులను కోరేది ఒక్కటే. జాబితాను యూనికోడ్ టెక్స్ట్‌గా ఇవ్వండి. పెట్టే ముందు నాలుగు పేర్లు కొట్టి, దొరుకుతున్నాయో లేదో మీరే చూసుకోండి.

సంగతి తెలిసి వాచ్‌మన్ నిన్న వాళ్ళ ఊరివాళ్ళవి మరో పదకొండు పేర్లు రాసి తెచ్చాడు. అందులో మూడు ‘మై’తో మొదలవుతాయి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లకుంట, హైదరాబాద్