పత్తి చేలో పడిపోతే వడదెబ్బేనా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ జిల్లా పేజీలో, పత్తికి మందు కొడుతూ ముగ్గురు కూలీలు స్పృహ తప్పారన్న వార్త వేశారు. కారణం వడదెబ్బట! వ్యవసాయాధికారి చెప్పారట, మీ విలేకరి రాసుకున్నారట. ముసురు వదలని ఊళ్లోకి వడదెబ్బ ఎలా వచ్చిందని ఆ ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. కూలీల కంటిపాపలు చుక్కంత అయ్యాయనీ, నోట చొంగ కారిందనీ, కండరాలు అదిరాయనీ అదే వార్తలో మీరే రాశారు. ఇన్ని తెలిశాక పురుగుమందు గుర్తుకు రావడానికి పెద్ద డాక్టరే కావాలా? సవరణ వేస్తారేమోనని చూశాను. వేయలేదు.

జరిగేది ఇదీ. మెదడు పంపిన కబురు కండరానికి చేరేచోట నరం కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వస్తుంది. అది తగలగానే కండరం బిగుస్తుంది. మళ్లీ వదులు కావాలంటే ఆ రసాయనం వెంటనే పోవాలి. దానంతటది నీళ్లలో విడిపోయేదాకా ఆగితే మనం తీసిన ఊపిరి వదలలేం. అందుకే అక్కడ ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాని ఒక్క అణువు సెకనుకు సుమారు 25 వేల ఎసిటైల్‌కోలిన్ అణువులను విరగ్గొడుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. ఎంజైమ్‌లో ఒక ఇరుకు గుంట ఉంటుంది, ఎసిటైల్‌కోలిన్ అందులో సరిగ్గా ఇముడుతుంది. అడుగున ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లం ఎసిటైల్ ముక్కను పట్టుకుంటుంది, కోలిన్ విడిపోతుంది, ఓ నీటి అణువు వచ్చి ఆ ముక్కనూ విడిపిస్తుంది. ఒక్కసారిగా కావాలంటే చాలా శక్తి పట్టే పని ఇలా దశలుగా, తక్కువ శక్తితో అయిపోతుంది. ఎంజైమ్ మాత్రం అరగదు, తరగదు. వెంటనే ఇంకో అణువును పట్టుకుంటుంది.

మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు వచ్చి పట్టుకునేది సరిగ్గా ఆ సెరీన్‌నే. ఎసిటైల్ ముక్క అక్కడ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. మందు ముక్క అలా కాదు, అద్దెకు దిగి ఇల్లు ఖాళీ చేయనివాడి బాపతు. ఆలస్యమైతే దాన్ని ఊడదీసే విరుగుడు పామ్ (ప్రాలిడాక్సిమ్) ఇంజెక్షన్‌కు కూడా లొంగదు. అప్పుడిక శరీరం కొత్త ఎంజైమ్ తయారు చేసుకోవాల్సిందే. ఎర్ర రక్తకణాల్లోనూ ఉండే ఈ ఎంజైమ్ అక్కడ మామూలు స్థాయికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా కూలి మనిషి రోజూ మందు కొడుతూనే ఉంటాడు, ఉన్న కాస్త ఎంజైమ్ రోజుకింత పోతూనే ఉంటుంది. ‘నిన్నటిదాకా బాగానే ఉన్నాడు, ఖాళీ కడుపుతో పనిలోకి వచ్చుంటాడు’ అనేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఇదేమీ ఎవరికీ తెలియని రహస్యం కాదు. రక్తంలో ఈ ఎంజైమ్ ఎంతుందో చూసే పరీక్ష ఉంది. ఈ మందులతో పనిచేసే కూలీలకు అమెరికాలోని కాలిఫోర్నియాలో 1970ల నుంచే ఆ పరీక్ష తప్పనిసరి. మన పక్కనే మహారాష్ట్రలోని యవత్మాల్‌లో 2017లో పత్తికి మందులు కొడుతూ ఎంతమంది చనిపోయారో దేశమంతా చదివింది. చదివి మనవాళ్లు చేసిందేమిటి? మాస్కు పెట్టుకోండి, గ్లౌజులు వేసుకోండి, గాలివాటం చూసుకోండి అని కరపత్రం పంచారు. మనిషెత్తు పత్తిలో, వీపున తైవాన్ పంపు మోస్తూ, లుంగీ బనీనుతో నడిచేవాడికి ఆ గ్లౌజులు కొనిచ్చేదెవరు? డబ్బా మీద ఎర్ర త్రికోణం కనిపిస్తుంది, దాని పక్కన ఉన్న జాగ్రత్తలు చదవాలంటే భూతద్దం కావాలి. పడిపోయినవాణ్ని ముందుగా ఆర్‌ఎంపీ దగ్గరికే తీసుకెళ్తారు. ఆయన సెలైన్ ఎక్కిస్తాడు, ఈ విషానికి విరుగుడైన అట్రోపిన్ పడాల్సిన సమయం అక్కడే గడిచిపోతుంది. సర్కారు ఆసుపత్రిలో అట్రోపిన్ ఎంత నిల్వ ఉందో మీ విలేకరి ఒక్కసారైనా అడిగాడా? అధికారి చెప్పింది రాసుకోవడం సులువు మరి.

నేను జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. ‘ఎంజైములు జీవ ఉత్ప్రేరకాలు’ అని రాస్తే మార్కు వేస్తాం, పిల్లాడు పాసవుతాడు. పిండి నీళ్లలో ఉమ్మి కలిపి, అయోడిన్ చుక్క వేసి, నీలం రంగు రాలేదేమిటని అడిగే ప్రయోగానికి పైసా ఖర్చు లేదు. అదీ చేయించరు, ల్యాబ్ తాళంచెవి ఎవరి దగ్గరుందో హెడ్మాస్టరుకే తెలియదు. అలా చదివినవాళ్లే అధికారులవుతారు, విలేకరులవుతారు, వడదెబ్బ అని రాస్తారు. అన్నట్టు, ఆ వార్త కిందే పావు పేజీ పురుగుమందు ప్రకటన కూడా చూశాను. ‘పురుగుకు నరకం, రైతుకు లాభం’ అట!

మందు కొట్టే కూలీలకు సీజన్‌కు ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి కోలినెస్టరేజ్ పరీక్ష మండలంలోనే చేయించాలి. పరీక్షలో తగ్గినట్టు తేలినవాళ్లను ఆ పని నుంచి తప్పించి, ఆ రోజుల కూలి ఇవ్వాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అట్రోపిన్, పామ్ ఉంచాలి. లేఖ పొడవైందని కత్తిరించాల్సి వస్తే బడి గురించి రాసిందంతా తీసేయండి. ఈ మూడు వాక్యాలు మాత్రం ఉంచండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు