ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక బూజు గురించి ఎవరూ చెప్పరేం?

ఎడిటర్ గారికి నమస్కారం.

బోన్‌మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ గురించి పేపర్లో వార్త వస్తే దాత దొరికాడు, మార్పిడి సక్సెస్, పేషెంట్ ఇంటికెళ్లాడు అన్న దగ్గరే ఆగిపోతోంది. ఆ తర్వాత ఏముంటుందో మా తమ్ముడి విషయంలో చూశాం కాబట్టి రాస్తున్నాను.

దాత కణాలు పేషెంట్ ఒంటి మీదే దాడి చేస్తే జీవీహెచ్‌డీ అంటారు. దాన్ని అణచడానికి నెలల తరబడి స్టెరాయిడ్లు ఇస్తారు. అప్పుడు రక్తకణాల కౌంట్లు బాగానే కనిపించినా రోగనిరోధక శక్తి అడుగంటిపోయి ఉంటుంది. మనమంతా రోజూ పీల్చే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు, దాని బీజాలు 2, 3 మైక్రాన్లకు మించవు, అలాంటివాళ్ల ఊపిరితిత్తుల్లో చేరి మొలకెత్తుతుంది. ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో గాల్లోని ఇలాంటి బీజాలను పట్టేసే హెపా ఫిల్టర్లు పెట్టేది అందుకే. ఇంటికొచ్చాక ఆ ఫిల్టర్ ఎక్కడిది?

మావాడికి జ్వరం, పొడి దగ్గు, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు. ఊళ్లో డాక్టరు యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి రాశారు, ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. చివరికి సీటీ స్కాన్‌లో మచ్చలు కనపడి, ఈ బూజు ఆనవాలు పట్టే గెలాక్టోమానన్ టెస్టు చేస్తేగానీ సంగతి బయటపడలేదు. ఇప్పుడు వోరికోనజోల్ అనే ఫంగస్ మందు మీద కోలుకుంటున్నాడు. ఆ మాత్ర తిండికి గంట ముందో గంట తర్వాతో వేసుకోవాలని, దానివల్ల రోగనిరోధక శక్తిని అణచడానికి వాడే టాక్రోలిమస్ అనే మందు రక్తంలో పెరిగిపోతుంది కాబట్టి టాక్రోలిమస్ డోసు తగ్గించి లెవెల్ చూస్తుండాలని మాకు అప్పుడే తెలిసింది.

2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం ఎంత తిరిగారో అందరికీ గుర్తే. ఆ బ్లాక్ ఫంగస్‌కి కారణమైన మ్యూకర్ అనే బూజు కూడా ఇలాంటి పేషెంట్లను పట్టేదే, పైగా దాని మీద వోరికోనజోల్ పనిచేయదు. కాబట్టి ఏ ఫంగసో తేల్చకుండా ఏదో ఒక మందు వేసి చూద్దాం అంటే కుదరదు.

ఆస్పత్రుల వాళ్లకు నా విన్నపం. డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లీషులో 'అవాయిడ్ డస్ట్' అని ఒక ముక్క రాసి ఊరుకోకండి. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు, గోడ పగలగొట్టేటప్పుడు, వడ్లు తూర్పారబట్టేటప్పుడు పేషెంట్ ఆ దరిదాపుల్లో ఉండకూడదని, పెంటకుప్పలు, పాత గోనెసంచుల జోలికి పోకూడదని తెలుగులో రాసివ్వండి. యాంటీబయాటిక్ వాడుతున్నా జ్వరం తగ్గకపోతే అర్ధరాత్రైనా ఏ నంబరుకి ఫోన్ చేయాలో ఆ కాగితం పైనే పెద్దక్షరాల్లో వేయండి.

- ఒక పాఠకురాలు, ఖమ్మం