సైలెన్సర్ సంగతి

చి. బాబీకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలు ఫరవాలేదు, మేడ మెట్లు మాత్రం ఎక్కడం లేదు. మామిడిచెట్టు ఈ ఏడు కాపు తగ్గింది. నాలుగు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు. పనిలో ఉండుంటావు. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

కిట్టుగాడు మొన్న మాటల్లో అన్నాడు, నువ్వు నీ ఫోర్డ్ మస్టాంగ్ కారుకి సైలెన్సర్ మార్చబోతున్నావని. ఇంకో మాట కూడా అన్నాడు, రాత్రి రెండింటికి ఒక్కడివే కారేసుకుని హైవే మీద తిరుగుతున్నావని. అది తర్వాత చూద్దాం. ముప్పై ఐదేళ్లు ఆటోనగర్‌లో బళ్ల కింద పడుకున్నవాణ్ణి, కొడుకు సైలెన్సర్ కొంటుంటే నోరు మూసుకోమంటే నావల్ల అవుతుందా? రెండు వారాలుగా యూట్యూబ్‌లో అవే చూస్తున్నా. ఇప్పుడు ఫోన్ తెరిస్తే విష్ణుసహస్రనామం మధ్యలో వీ8 ఇంజన్ అరుస్తోంది. అమ్మ విసుక్కుంటోంది.

సైలెన్సర్ మార్చడం రెండు రకాలు. యాక్సిల్ బ్యాక్ అయితే వెనక ఇరుసు దగ్గర్నుంచి ఉండే డబ్బాలు, చివరి గొట్టాలు మాత్రమే మారతాయి. ఖర్చు తక్కువ, పని తక్కువ, గొంతు మారుతుంది. క్యాట్ బ్యాక్ అయితే క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే పొగలో విషాన్ని తగ్గించే డబ్బా, దాని తర్వాత నుంచి చివరిదాకా మొత్తం. ఆ రెంటిలో ఏదైనా సరే, కన్వర్టర్ జోలికి మాత్రం పోకు. అది పీకడం అమెరికా మొత్తం మీద చట్టవిరుద్ధమే. మీ కాలిఫోర్నియాలో అయితే స్మాగ్ చెక్‌లో, అదే పొగ పరీక్షలో, దొరికిపోతావు. ఎవడో తెలివైనవాడు చెప్పాడని హెడర్స్ దాకా, అంటే ఇంజన్‌కి అతుక్కుని ఉండే మొదటి పొగ గొట్టాల దాకా వెళ్లావంటే మీ ఎయిర్ బోర్డు అనుమతి నంబరు ఉందో లేదో చూసుకోవాలి. ఇంతా చేస్తే ఎన్ని హార్స్‌పవర్ గుర్రాలు పెరుగుతాయిరా? నీ బండికి కంపెనీ ఇచ్చినవే 460. గుళ్లో గంట మార్చినంత మాత్రాన దేవుడు మారడు. చప్పుడు కోసం కొంటున్నానని ఒప్పేసుకో, తప్పు లేదు.

నాకు భయం డ్రోన్ గురించి. ఎగిరే డ్రోన్ కాదు. హైవే మీద ఆరో గేరులో 2000 ఆర్‌పీఎం దగ్గర పోతుంటే నీ ఎనిమిది సిలిండర్ల ఇంజన్ సెకనుకి 133 సార్లు పెట్రోలు కాలుస్తుంది. ఆ లెక్కకీ గొట్టం పొడవుకీ, కారు లోపలి గాలికీ శ్రుతి కలిసిందంటే బండి లోపల హూఁ అని ఒకటే మోత. దాన్నే డ్రోన్ అంటారు. షాపు ముందు గర్రుమనిపించినప్పుడు తెలియదు, గంటసేపు నడిపితే తల దిమ్మెక్కుతుంది. అందుకని వీడియో చూసి కొనకు. పెట్టించుకున్నవాడి బండిలో కూర్చుని అరవై, డెబ్భై మైళ్ల వేగంలో వెళ్లి చూడు. కోర్సా అనే సైలెన్సర్ల కంపెనీ వాళ్లు ఆ మోతని ఎదురు శబ్దకెరటంతో చంపే పద్ధతి పెట్టారు. పక్కకి ఒక మూసిన గొట్టం అతికించినా అదే పని చేస్తుంది. రాత్రి రెండింటికి నిద్ర మానుకుని, ఆ మోత వింటూ ఒక్కడివే... సరే, తర్వాత అన్నాను కదా.

గొట్టం 409 రకం స్టెయిన్‌లెస్ స్టీలా, 304 రకమా అడుగు. చెప్పకపోతే అయస్కాంతం పెట్టి చూడు. 409కి గట్టిగా పట్టుకుంటుంది, కొన్నాళ్లకి పైన తుప్పు మరక కూడా వస్తుంది. 304కి దాదాపు పట్టదు. మంచు మీద ఉప్పు చల్లే ఊళ్లలో అయితే 304 తప్పదంటాను. నీకు అంత అవసరం లేదు, డబ్బులుంటే నీ ఇష్టం.

నీకు యెజ్డీ సంగతి చెప్పానా? 1986లో, పెళ్లయిన కొత్తలో. రెండు సైలెన్సర్ల బండి. కార్బన్ పట్టిందని విప్పి కాస్టిక్ సోడాలో నానబెట్టాను. మళ్లీ బిగించేటప్పుడు మీ సుబ్బారావు బాబాయి, లోపల చప్పుడు అణిచే బఫిల్ వదిలెయ్ అన్నయ్యా, చప్పుడు అదిరిపోద్ది అన్నాడు. అదిరిపోయింది. పటమట సెంటర్లో తిరిగితే బెంజ్ సర్కిల్లో వినపడేది. దసరాకి మీ అమ్మని వెనక కూర్చోబెట్టుకుని దుర్గ గుడికి ఘాట్ రోడ్డు ఎక్కించాను. సగం ఎక్కేసరికి బండి అరుస్తోంది కానీ లాగడం లేదు. టూ స్ట్రోక్ బండికి సైలెన్సర్లో నుంచి తిరిగొచ్చే ఒత్తిడే కొత్త పెట్రోలు బయటికి పోకుండా ఆపుతుంది. అది తీసిపారేశాక ఇక పుల్లింగ్ ఎక్కడిది? ఫస్ట్ గేరులో కూడా మూలుగుతోంది. వెనక బస్సు హారను. మీ అమ్మ దిగింది. కొత్త పట్టుచీర, చేతిలో కొబ్బరికాయల సంచి. ఒక్క మాట అనలేదు. నడిచింది. పక్కనే నేను ఊరంతా వినపడేలా బండి మీద పాక్కుంటూ వెళ్తున్నాను. పైకి చేరాక, "చప్పుడు బాగుందండీ" అంది. ఇప్పటికీ సందు దొరికితే అంటుంది. నీది ఫోర్ స్ట్రోకే, వేరే లెక్క, తెలుసు. కానీ ఎవరో అన్న మాటకి ఏదీ విప్పకు.

మీ చట్టం ప్రకారం మార్చిన సైలెన్సర్ 95 డెసిబెల్స్ దాటకూడదు. పది పెరిగితే చెవికి రెట్టింపు చప్పుడని గుర్తుంచుకో. ఇక్కడ వైజాగ్ బీచ్ రోడ్డులో పోలీసులు సైలెన్సర్లు పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించారు, చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఫోర్డ్‌లోనే ఒక పెద్ద ఇంజనీరు ఇంటి ముందు మస్టాంగ్ స్టార్ట్ చేస్తే పక్కింటివాళ్లు పోలీసుల్ని పిలిచారట. అందుకే నెమ్మదిగా స్టార్ట్ అయ్యే ఏర్పాటు పెట్టారు. నీ కారులో అలా చప్పుడు తగ్గించే, పెంచే వాల్వుల సైలెన్సర్ ఉంటే, కొత్తది కూడా వాల్వులున్నదే కొను. అర్ధరాత్రి ఇల్లు చేరేటప్పుడు పక్కవాళ్లు తిట్టుకోరు.

అదిగో, మళ్లీ అక్కడికే వచ్చాను. నిద్ర పట్టడం లేదా? లావణ్య వాళ్ల సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా? అమ్మ అడగమనలేదు. నేనే అడుగుతున్నాను. చెప్పకపోయినా ఫరవాలేదు. ఇక్కడ నీ రెండు గంటలంటే మధ్యాహ్నమే, నేను మెలకువగానే ఉంటాను.

ఏది పెట్టించినా, పెట్టకపోయినా, పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఒక నిమిషం రికార్డు చేసి పంపు. చప్పుడు వింటే ఏ సిలిండరు ఎలా ఉందో చెబుతాను. రాత్రివి వద్దు, పొద్దునవి పంపు.

మీ నాన్న

తా.క. నువ్వే బిగిస్తానన్నావట. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకు, నాలుగు వైపులా స్టాండ్లు పెట్టు. గొట్టం పూర్తిగా చల్లారాకే ముట్టుకో. రబ్బరు హ్యాంగర్లు రాకపోతే సబ్బునీళ్లు రాయి. అమ్మ మాగాయ పంపిస్తోంది, కిట్టుగాడి దగ్గర తీసుకో. వాడు సీసా విప్పకముందే తీసుకో.