రంగు వేయక ముందే చూడవలసిన బొమ్మలు

నాటింగ్‌హామ్,
ఆదివారం

పూజ్యులైన మామయ్యకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అత్తయ్యకు మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది, చాలా సంతోషం. మొన్న ఫోనులో మీరు "సీసపు బొమ్మలు కొంటున్నావట, ఏమిటవి?" అని అడిగారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. పైగా పోత పని తెలిసినవారు మన కుటుంబంలో మీరొక్కరే. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఇవి సముద్రపు దొంగల బొమ్మలు. పాదం నుంచి కంటి దాకా సుమారు 28 మిల్లీమీటర్లు, అంటే మన బొటనవేలంత కూడా ఉండవు. బల్ల మీద ఓ రేవునో దీవినో అమర్చి, తలా కొద్దిమంది దొంగలతో, పాచికలు వేస్తూ, టేపుతో దూరం కొలుస్తూ ఆడతారు. సైన్యాల యుద్ధం కాదు, చిన్న కొట్లాట. కాబట్టి ప్రతి బొమ్మా ఒక మనిషే. కథాకాలం దాదాపు మూడు వందల ఏళ్ల కిందటిది. బ్లాక్‌బియర్డ్ అనే పేరుమోసిన దొంగ 1718 నవంబరులో అమెరికా తీరాన ఓక్రకోక్ దగ్గర పోరాడుతూ చచ్చాడు. ఆన్ బోనీ, మేరీ రీడ్ అనే ఇద్దరు ఆడవాళ్లను 1720లో జమైకాలో విచారించారు. వాళ్లందరికీ బొమ్మలున్నాయి.

మీరు సీసం అన్నారు కానీ, ఇప్పుడు ఎక్కువగా తగరం పాలు హెచ్చుగా ఉన్న మిశ్రమమే వాడుతున్నారు. పోసే పద్ధతి వింటే మీకు ఆసక్తి కలుగుతుంది. మైనపు బొమ్మకు మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే మీ మధూచ్ఛిష్ట విధానంలో మట్టి అచ్చు పగలగొడితేనే విగ్రహం బయటికి వస్తుంది, రెండోదానికి మళ్లీ మైనం దగ్గర మొదలు. ఇక్కడ అచ్చు రబ్బరుది. రెండు గుండ్రటి రబ్బరు పలకలను బిగించి, గిర్రున తిప్పుతూ నడిమి రంధ్రంలో లోహం పోస్తారు. ఆ విసురుకు లోహం వేలికొసల దాకా పరుగెత్తుతుంది. రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి, తగరానికి 232 చాలు. రబ్బరు తట్టుకోవడానికి కారణం అదే. ఒకే అచ్చులో ఎన్నో బొమ్మలు తీయవచ్చు. కానీ తీసేకొద్దీ రబ్బరు అరిగి ముక్కులు, గుండీలు మొద్దుబారతాయి. ఒకే బొమ్మ రెండు కొన్నా రెండూ ఒక్కలా ఉండకపోవడం అందువల్లే.

చాచిన చేయి, ఎత్తిన కత్తి అలాంటి అచ్చులో సరిగా ఇమడవు కనుక వాటిని విడిగా పోస్తారు. అతికించే పని మనది. ముందు సబ్బునీళ్లతో కడగాలి. అచ్చుకు చల్లిన పొడి మిగిలితే రంగు పట్టదు. తర్వాత రెండు పలకలు కలిసినచోట పడిన అతుకు గీతను సన్నని ఆకురాయితో తీయాలి. భుజం మీద, టోపీ మీద సులువే. చెంప మీదుగా చెవిలోకి పోయిన గీతతోనే చిక్కు. ఒక్క రాపిడి ఎక్కువైతే చెవి పోతుంది. అక్కడ నేను ఆకురాయి పక్కన పెట్టి, కత్తి మొనను వెనక్కి లాగుతూ గీకుతాను.

చేయి అతికించడానికి జిగురు ఒక్కటే చాలదు. బల్ల మీద పడితే ఊడుతుంది. వేళ్లతో తిప్పే చిన్న బరమాతో భుజంలో ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి, దాని అంచున చుక్క రంగు పెట్టి, చేతిని అక్కడ అదిమితే మచ్చ పడుతుంది. రెండో రంధ్రం సరిగ్గా ఆ మచ్చ మీద. నడుమ ఇత్తడి తీగ ముక్క, ఆపైన జిగురు. సందు మిగిలితే నీలం, పసుపు ముద్దలను కలిపి పిసికితే ఆకుపచ్చగా అయ్యే ఒక మైనం లాంటి పదార్థం ఉంది, దానితో పూడుస్తాను. కొన్ని గంటల్లో గట్టిపడుతుంది. పీఠానికి ఇక్కడి రెండు పెన్నీల నాణెం సరిపోతుంది. 1992 తర్వాతివి చాలావరకు లోపల ఉక్కువి కాబట్టి అయస్కాంతం పరిచిన డబ్బాలో కదలకుండా నిలబడతాయి.

ఇక మంచి చెడ్డల సంగతి. మీకు రాయాలనుకున్నది నిజానికి ఇదే. మాధవమాలలో చెక్క బొమ్మ కొనేటప్పుడు మీరు రంగూ వార్నిష్ లేనిదే చూపించమని అడిగేవారు. నేనూ ఇక్కడ అలాగే చూస్తున్నాను. అమ్మే చోట రంగులద్దిన బొమ్మల ఫొటోలే ఎక్కువగా ఉంటాయి. ఆ నీడలు, ముఖంలో కనిపించే కోపం చాలాసార్లు చిత్రకారుడివి, శిల్పివి కావు.

తలలు పెద్దవిగా ఉన్నాయని మీరు తప్పక అంటారు. విగ్రహాలకు మీరు పాటించే దశతాళం కొలత లెక్కన చూస్తే ఒక్కటీ నిలవదు. కానీ చేయి చాచినంత దూరం నుంచి చూసే బొమ్మ ఇది. తలా చేతులూ కొలత ప్రకారం చేస్తే ముఖం కనబడదు, వేళ్లు విరుగుతాయి. అందుకే నేను ప్రమాణాన్ని పట్టించుకోను, నిలబడిన తీరు చూస్తాను. ఒంటి బరువు ఏ కాలి మీద ఉంది? ఆ కాలివైపు తుంటి పైకి లేచిందా? మీరు భంగాల గురించి, అంటే విగ్రహం ఒంటి వంపుల గురించి చెప్పిందే ఇక్కడ పనికొస్తోంది. నా దగ్గరున్న ఒక నావికుడి బొమ్మకు కంటిగంత లేదు, చిలుక లేదు, కొయ్యకాలు లేదు. గళ్ల చొక్కా, వదులు లాగు, వట్టి కాళ్లు. కుడి కాలిమీద బరువు వేసి, తుపాకీ గొట్టంలో మందు దట్టిస్తున్నాడు. అప్పటి పిస్తోలు ఒక్కసారే పేలేది, మళ్లీ నింపడానికి సమయం పట్టేది. ఆ తొందర అతని వంగిన మెడలో ఉంది. అటువంటి బొమ్మ కోసం నేను డజను కొయ్యకాలి కెప్టెన్లను వదులుకుంటాను. సముద్రపు దొంగల్లో చాలామంది వర్తక ఓడల్లో పనిచేసిన మామూలు నావికులే. వాళ్లను వేషగాళ్లుగా చేస్తే నాకు కష్టంగా ఉంటుంది.

వచ్చే నెల మా స్నేహితుడొకరు తిరుపతి వస్తున్నారు. ఆయనతో రెండు బొమ్మలు పంపుతున్నాను, అతికించినవి, రంగు వేయనివి. ఒకటి నాకు చాలా ఇష్టం, రెండోది కాదు. ఏది ఏదో చెప్పను. పగటి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, మీకేమనిపించిందో ఫోను చేయండి. వీలైతే మీరు విగ్రహాల వేళ్ల సందుల్లో వాడే సన్నటి ఆకురాళ్లు రెండు ఆయన చేతికివ్వండి. అంత పలుచనివి ఇక్కడ నాకు దొరకలేదు.

అత్తయ్యకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

మీ మేనల్లుడు